లాభం, రెండు, మూడు

అంబాజీపేట కొబ్బరి కొట్టులో
ముప్పై ఎనిమిదేళ్లు కాయలు లెక్కపెట్టినవాణ్ణి.
ఒకటి అనను. లాభం అంటాను, ఆనక రెండు.
హైస్కూలు వాళ్ల బేస్‌బాల్ పుస్తకం రాస్తున్నా
అలవాటు పోలేదు,
తొలి విసురు దగ్గర లాభం అనే గొణుగుతాను.
పిల్లలు నవ్వుతారు.

జిల్లా ఆఫీసు నుంచి బంతులు మూడొచ్చాయి.
ఒకటి కాలవలో పడింది,
లాకుల దాకా గట్టెమ్మట పరిగెత్తి
పిల్లలు ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు.
ఒకటి కుక్క ఎత్తుకుపోయింది.
మిగిలింది ఇదొక్కటే.

పెద్ద ఆటల్లో బంతి ఆయుష్షు
ఆరేడు విసుర్లేనట, డ్రిల్లు మేస్టారు చెప్పారు.
నేలకి తగిలి మచ్చపడితే చాలు,
అంపైరు సంచీలోంచి కొత్తది తీస్తాడట.
నాకు నమ్మకం కుదర్లేదు.
మా బంతి వినాయకచవితికి ముందు దిగింది,
ఇప్పుడు మామిడి పిందెలు రాలుతున్నాయి.
నానింది, ఎండింది, ఉబ్బింది,
బూట్లకేసే తెల్ల పాలిష్ పూస్తే
మళ్లీ పెళ్లికొడుకైంది.
కుట్టు విడిపోతే, బస్టాండు దగ్గర
చెప్పులు కుట్టే పోలయ్య మైనందారంతో బిగించాడు.
బంతికి కుట్లు నూట ఎనిమిదట, అష్టోత్తరంలాగ.
పోలయ్య చేతిలోంచి వచ్చాక లెక్కపెట్టాను:
నూట పదకొండు.
మూడెక్కువేశావేంటంటే
"కొసరండి" అన్నాడు.

మోచేతికి కుట్టు వేసే పోలయ్య లేడు,
అందుకే సువార్తకి డెబ్బై ఐదే, అన్నారు మేస్టారు.
పదమూడేళ్ల ఎముక, ఇంకా లేత.
డెబ్బై ఐదు పడగానే మీరే చెయ్యెత్తాలి, తాతగారూ.

పాలకొల్లు పిల్లలతో ఆఖరాట.
ఒక్క పరుగు మాది పైన,
వాళ్లలో ఇద్దరు ఔటు, మూడో పిల్లకి రెండు తప్పాయి.
డెబ్బై మూడు. డెబ్బై నాలుగు.
డెబ్బై ఐదు బ్యాటు అంచుకి తగిలి
గొబ్బి పొదల్లోకి పోయింది.
బంతి వెతికి తెచ్చేలోగా
సువార్త నా బల్ల దగ్గరికొచ్చింది.
"ఇంకొక్కటే తాతా. రాయొద్దు."

రాయొద్దు.
ఆ మాట నాకు కొత్త కాదండి.
షావుకారు నోటితో అనేవాడు కాదు, కళ్లతో అనేవాడు.
నూట నాలుగు కాయలు వలిపించి
వందే రాసిన చెయ్యి ఇది.
ఆ నాలుగేసి కాయలూ వలిచినవాళ్లలో
ఈ పిల్ల నాన్న ఉన్నాడు, పెయ్యల యేసోబు.
అతని కుడి భుజం ఇప్పుడు
ఎడమదాని కంటే బెత్తెడు కిందికి.

చెయ్యెత్తాను.

గట్టు మీది జనం నన్ను తిట్టని తిట్టు లేదు.
బదులొచ్చిన పిల్లకి బంతి కుదర్లేదు,
రెండు పరుగులిచ్చేసింది, ఆట పోయింది.
సువార్త ఆ బంతిని నా ఒళ్లోకి విసిరికొట్టి
వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.
అది డెబ్బై ఆరు. అదీ రాశాను.

పొద్దు వాలాక కొట్టు మీదుగా వస్తుంటే
మోకాలెత్తు డొక్కల మధ్య
యేసోబు గునపం దగ్గరే ఉన్నాడు.
"మా అమ్మాయి ఎన్నేసిందండి?"
"డెబ్బై ఐదు."
"అంతేనా!" అని నవ్వి ఇంకో కాయ తీసుకున్నాడు.
అప్పటికి పన్నెండొందలు దాటాయి.
గుట్ట ఇంకా నడుమెత్తుంది.

వెళ్లాల్సినవాణ్ణి నిలబడిపోయాను,
జేబులో బంతి బరువుగా.
గునపం మీద కాయ దిగిన చప్పుడు.
పెదాలు వాటంతటవే కదిలాయి.
"ఒకటి" అన్నాను.