పాసంగం

అన్నపిళ్ళై వీధిలో మా కొట్టు ఆరడుగుల వెడల్పు.
చేతులు చాపితే ఇటు పప్పుల మండీ గోడ,
అటు పసుపు గోదాం గోడ.
అందుకేనేమో మా ఇంట్లో ఎవరికీ
చేతులూపుతూ మాట్లాడే అలవాటు లేదు.

బోర్డు మీద అరవంలో తరాసు, తెలుగులో తక్కెడలు.
మూడో వరుసని తుప్పు తినేసింది.

తాత పోలాచారి పీట మీద నాన్న,
నాన్న పీట మీద ఇప్పుడు నేను.
ఆడపిల్ల ముల్లు చూస్తుందా అని నవ్వింది వీధి.
చూడ్డం కాదే, వినాలి, అనేవాడు నాన్న.
అంచు మొద్దుబారిన త్రాసు ఊగేటప్పుడు
సన్నగా గొణుగుతుంది,
అబద్ధం చెప్పబోయేవాడు గొంతు సవరించుకున్నట్టు.

కొత్వాల్ చావడి ఇక్కడే ఉన్న రోజుల్లో
ముద్రల నెల వస్తే మాకు నిద్ర ఉండేది కాదట.
గోనెసంచుల్లో తూకపు రాళ్ళు,
బోర్లించి, గుంటలో సీసం పోసి,
ఇనస్పెక్టరు సుత్తి కోసం వరసగా పేర్చేవారు.

ఒక్క రాయి సంగతి మాత్రం
మా వాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.
వీశెలు పోయి కిలోలొచ్చిన ఏడు,
కిలో బరువు ఎవరి చేతికీ ఇంకా అలవాటు కాని ఏడు,
బాలాంబత్తకి టైఫాయిడ్.
రాత్రి పూట ఒక షావుకారు వచ్చాడు.
తాత ముద్ర చెదరకుండా
లోపలి సీసం తోడేశాడు.
తెల్లారి ఇంజక్షన్లొచ్చాయి.

పోయేముందు నాన్నకి చెప్పాడు.
అప్పట్నించి నాన్న
చేతికందిన ప్రతి కిలో రాయినీ
పసిపిల్లని తిప్పినట్టు వెనక్కి తిప్పి చూసేవాడు.

చావడి కోయంబేడుకి తరలిపోయిన ఏడు
పాత ఇనుములో, మూడో సంచిలో, దొరికింది.
తొమ్మిది వందల అరవై గ్రాములు.
సీసం పోస్తే అరగంట పని.
పోయలేదు.
సంచిలో వేసుకుని, బస్సెక్కి, పెరంబూరు వెళ్ళాడు.
అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు చేత్తో అంచనా కట్టి,
"నలభై గ్రాములేనా రా నేను?" అందట.
నాన్నకి నవ్వాలో లేదో తెలియలేదు.

ఎన్ని కిలోలకి నలభై చొప్పున,
రోజుకెన్ని తూకాలు, ఎన్నేళ్ళు,
ఒక బిల్లు వెనక లెక్క మొదలెట్టి
మూడో వరుసలో ఆపేశాడు నాన్న.
ఆ కాగితం ఫాన్ గాలికి ఎగరకుండా
ఆ రాయే పెట్టాడు.

ఇప్పుడన్నీ అంకెల మిషన్లు.
ముల్లు లేదు, గొణుగుడు లేదు,
పాసంగం కట్టే పని లేదు.
టేర్ బటన్ నొక్కితే చాలు,
పళ్ళెంలో ఏమున్నా సున్నా అంటుంది.
నేను టంకం పెట్టి, బోర్డు తుడిచి,
అమర్చాక మొదట ఆ రాయి పెట్టి చూస్తాను.
ఎర్రటి అంకెలు కాసేపు తడబడి
960 దగ్గర నిలబడతాయి.

కిలో రాయి కదమ్మా, తగ్గిందేంటి?
అడుగుతాడు మిషను తెచ్చిన అరటిపళ్ళాయన.

మీది సరిగ్గానే ఉందండీ, అంటాను.
రాయి మాది.