యడాగమం

రాత్రి పదకొండూ పదికి
బ్రాడీపేట నాలుగో లైనులో కరెంటు పోయిన గదిలో
ఫోనొక్కటే దీపం.
"మేడం, త్రికసంధి డౌటు" అన్నాడు బాజీ.
తొమ్మిదో తరగతి, మూడో బెంచీ,
చొక్కాకి రెండో గుండీ ఎప్పుడూ ఉండదు.
చెప్పాను. చెప్పడం నా పనే కదా.

మర్నాడు ఇంకో డౌటు.
ఆ మర్నాడు డౌటు లేదు.
"తిన్నారా మేడం?"

నిజం చెప్తున్నా,
ఆ మాట నన్నెవరైనా అడిగి చాన్నాళ్ళయింది.
"తిన్నాను. నువ్వు?" అని కొట్టాను.
ఇరవై రెండేళ్ళుగా పిల్లల నోట్సుల్లో
కామా తప్పితే సున్నా చుట్టినదాన్ని,
ఆ 'నువ్వు' పక్కన ప్రశ్నార్థకం
నా కంటికి ఆనలేదు.

నేను పెట్టిన ప్రతి ఫొటోకీ
(కుండీలో నందివర్ధనం, సగం తాగిన టీ,
ఎప్పటిదో కొండవీడు ఘాట్ రోడ్డు)
మొదటి లైకు వాడిదే.
నేనూ తీసి చూసుకునేదాన్ని.
ఎవరిదని కాదు, ఎన్నని.
ఇది స్టాఫ్‌రూములో ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం యార్డు వైపునుంచి ఘాటు గాలి.
క్లాసంతా తుమ్ములు.
ఆ తుమ్ముల మధ్యలోంచి రోజ్‌లీన్ లేచి
"మాక్కూడా మీ నంబరిస్తారా మేడం,
వాడికే ఇచ్చారంటగా!"
నవ్వులు.
బాజీ తల బల్లలోకి దిగిపోయింది.
నా చేతిలో సుద్దముక్క, బోర్డు మీద నా అక్షరాలే:
రెండు అచ్చులు కలిసిపోతే
ముందున్న అచ్చు పోతుంది.
అప్పటిదాకా అది వ్యాకరణమే అనుకున్నాను.

ఆ రాత్రి వాడి పేరు తీసేశాను.
వాడికో మాట చెప్పకుండా.
అది రెండో తప్పు.

వారం రోజులు చెయ్యెత్తలేదు వాడు.
హాజరు పిలిస్తే 'ప్రెజెంట్' అని
గోడకి చెప్పినట్టు చెప్పాడు.

శనివారం వాళ్ళమ్మ మస్తాన్‌బీ వచ్చింది,
తొడాలు తీసే పనిలోంచి సరాసరి.
గుమ్మం దాటలేదు.
"మావోడేం తప్పు చేశాడండీ?"
వాడు కాదు, నేనన్నాను. అంతా చెప్పాను.
ఆమె తన చేతులే చూసుకుంది కాసేపు,
ఎర్రగా ఉబ్బిన వేళ్ళు.
"ఇంటికెళ్ళగానే చంటిది మీదకి దూకుద్దండీ.
ఈ చేత్తో ముట్టుకుంటే దాని కళ్ళు మండిపోతాయి.
అట్టాగని నెట్టేయలేం గదా.
మోచేతుల్తో దగ్గరికి లాక్కుంటా."
చూపించింది కూడా,
అరచేతులు రెండూ గాల్లోకి ఎత్తి
మోచేతుల మధ్య లేని బిడ్డని పొదువుకుని.

సోమవారం బాజీని వరండాలో,
కుళాయి దగ్గర, నలుగురూ తిరిగేచోట పిలిచి
క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. సరిగ్గా రాలేదు.
వచ్చిందే చెప్పాను, యడాగమం:
మా, అమ్మ.
కలిసిపోకుండా మధ్యలో ఒక 'య' వచ్చి నిలబడుతుంది.
మాయమ్మ.
ఎవరి అచ్చూ పోదు.
"దగ్గరగానే ఉంటాయిగా మేడం" అన్నాడు నేల చూస్తూ.
ఉంటాయన్నాను.

ఇప్పుడు నాలుగింటికి గంట కొట్టాక
అరగంట వరండాలో బల్ల వేసుకుంటున్నాను.
ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగొచ్చు.
రోజ్‌లీన్ ఊరికే వచ్చి కూర్చుని పోతుంది.
రాత్రి ఎనిమిది దాటితే ఫోను బీరువాలో.
టిక్కులు నీలమయ్యాయా లేదా చూసుకోని చీకటికి
నేనింకా అలవాటు పడలేదు.

నిన్న నోట్సులు దిద్దుతుంటే
బాజీది, చివరి పేజీ అడుగున,
చెరిపినా చెరగని పెన్సిలు గీతలు:
తిన్నారా మేడం.

ఎర్రపెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.
టిక్కు పెట్టాను.
ఒక్కటే.