బోర్డు మీద అంకె

ఇంజనుకి దాహం వేసింది కాబట్టి ఈ ఊరు పుట్టింది.
వేరే కారణమేం లేదు.
ఎనిమిది మైళ్ళకో నీళ్ళ ట్యాంకు, ట్యాంకుకో పేరు.
మాది ఎల్వైరా. కంపెనీ సర్వేయరు మరదలట,
డకోటా గడ్డి మొహం ఎన్నడూ చూడని మనిషి.

మొదటి లెక్కకి నూట పన్నెండు మంది.
డెబ్భై మంది పట్టాలు పరిచేవాళ్ళే,
సిరా ఆరేలోపు వెళ్ళిపోయారు.
తర్వాత నార్వే నుంచి హాల్వర్సన్లు,
బొహీమియా నుంచి క్లిమెష్‌లు,
గోధుమలు, ఒక బ్యాంకు,
ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రెండు చర్చిలు.
నాలుగు వందల ఆరు. అంతకుమించి ఎక్కలేదు.
ఆ ఏడే కాబోలు మా తాత
స్టేషను గోడకి పసుపు రంగు వేసింది.

డీజిలుకి దాహం వెయ్యదు.

ఇప్పుడు ఊరి బోర్డు మీద అంకె దిద్దేది నేను.
డబ్బా నల్లరంగు, అరంగుళం కుంచె.
ఓల్గా క్లిమెష్ పోయాక
ఇరవై మూడులో మూడుని రెండు చెయ్యాలి.
చలికి రంగు అంటదని మార్చి దాకా సాకు చెప్పాను.
ఎవరూ అడగలేదు, నాకు నేనే చెప్పుకున్నాను.

ఈలోగా ధాన్యం గిడ్డంగిలో పనికి
హోండూరస్ నుంచి ఒక జంట దిగింది.
నేను నాలుగు రాస్తుంటే
మారిత్సా కింద నిలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుని,
"ఆగస్టులో మళ్ళీ ఎక్కాలిగా నిచ్చెన,
అందాకా పెన్సిలుతో రాయకూడదూ?" అంది.

రాత్రి రెండుంపావుకి గూడ్సు వస్తుంది.
ఆగదు. గేటు దగ్గర కూత వేస్తుంది, రూలు కాబట్టి.
పడుకునే పెట్టెలు లెక్కపెడతాను.
ఇరవై నాలుగు దాటాక
ఎప్పుడూ నిద్ర పట్టేస్తుంది.