పది సెకన్ల చెయ్యి

గుణుపురం కల్యాణ మండపంలో
పందిరి గుడ్డ నీలం.
దాని కింద కూర్చున్న ప్రతి మొహమూ
కాస్త చలేసినట్టు కనిపిస్తుంది కెమెరాకి.
ఆటోలో వదిలేస్తే ఇంకా తెలివి చూపిస్తుంది:
పెళ్లికూతురి బుగ్గల మీది పసుపుని
పొరపాటనుకుని దిద్దబోతుంది.
ఏ చలిదేశంలో పుట్టిన యంత్రమో,
పసుపంటే దానికి కామెర్లే.

అందుకే మెనూలోకి వెళ్తాను.
స్టాండర్డ్ పెడితే పారాణి మండిపోతుంది,
పట్టుచీర ఎరుపు మెడ మీదికి కారుతుంది.
పోర్ట్రెయిట్ పెడితే మేనత్తలూ మేనకోడళ్లూ
ఒకే డబ్బాలో పౌడరు రాసుకున్నట్టుంటారు.
న్యూట్రల్.
కాంట్రాస్ట్ రెండు మెట్లు కిందికి, శాచురేషన్ ఒకటి.
షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గిస్తాను,
అమ్మలక్కల నుదుటి గీతలు లెక్కపెట్టమని
నాకెవరూ డబ్బులివ్వలేదు.
చర్మం నునుపు చేసే మీట ఒకటుంది.
దాని జోలికి పోను.

కెల్విన్ మాత్రం అంకెల్లో దొరకదు.
ట్యూబులైట్ల పచ్చదనం ఒక పక్క,
కిటికీలోంచి వంశధార మీది ఎండ ఇంకో పక్క.
తెల్లకాగితం చూపిస్తే
కాగితం తెల్లగా వస్తుంది,
మనుషులు రారు.

"అప్పా, చెయ్యి."

మాలతప్ప కొంగులోంచి కుడిచెయ్యి తీస్తుంది.
మణికట్టు దగ్గర చింతగింజ రంగు,
వేళ్ల దగ్గర కడిగిన బియ్యం రంగు.
బొల్లి.
రెండూ ఒకే చేతి మీద, ఒకే వెలుగులో.
నలుపు బూడిదవ్వకూడదు,
తెలుపు గులాబీ అవ్వకూడదు.
ఒకదాన్ని మెప్పించబోయి రెండోదాన్ని అబద్ధం చేస్తే
నా లెక్క తప్పినట్టే.
నాలుగువేల ఎనిమిదొందలు, ఇంకో యాభై, ఇంకాస్త...
"వచ్చిందిరా?"
"వచ్చిందప్పా."
చెయ్యి మళ్లీ కొంగులోకి.
లైటు స్టాండు పట్టుకుని గోడవారకి,
ఎవరి ఫ్రేములోకీ రాకుండా.

పిల్లలు జడుసుకుంటారమ్మా అని
కాన్వెంటువాళ్లు మర్యాదగా చెప్పి పంపిన ఏడాది
నాతో బయల్దేరింది, వెలుగు మోయడానికి.

పెళ్లికూతురి పిన్ని వచ్చి
సగం ఒడియాలో చెవిలో ఊదుతుంది,
"టికే గోరా, బాబూ. కాస్త తెల్లగా రావాలి."
అప్ప వింటుంది. లైటు కదలదు.
పిల్ల రంగు పిల్లకుందండీ, అంటాను
అడ్వాన్సు అందుంటే.
అందకపోతే తలూపుతాను.

పోయిన వానల్లో, కరెంటు లేని రాత్రి,
బ్యాటరీ ఉన్నంతసేపూ పాత డిస్కు ఖాళీ చేస్తున్నాను.
ప్రతి పెళ్లికీ మొదటి క్లిప్ అదే.
పది సెకన్లు. ఒక చెయ్యి.
వెనకాల ఎవరి పెళ్లిదో సన్నాయి.
తీసెయ్యాల్సినవే.
ఎందుకో వరసగా పెట్టి చూశాను.
అరవై రెండు పెళ్లిళ్లు.
మొదట్లో గోరు పక్కన ఆవగింజంత.
రాయగడ పెళ్లికి వేలు దాటింది.
పర్లాకిమిడిలో మెటికలన్నీ.
ఏరు వెనక్కి తీస్తే ఇసకమేట తేలినట్టు
మెల్లగా, ఎవర్నీ అడక్కుండా.
అరవై రెండిళ్ల మొహాలు సరిగ్గా రావాలని చూశాను గానీ
వాటి వెనక ఇంకో సినిమా తీస్తున్నానని
ఆ రాత్రిదాకా తెలీదు.
తీసెయ్యలేదు.
ఫోల్డరుకి పేరూ పెట్టలేదు.

ఇవాళ బిస్సంకటకంలో మాఘం పెళ్లి.
పొద్దున్నే అప్ప చెయ్యి చాపింది.
చిటికెనవేలి కింద
ఒక్క చింతగింజంత మిగిలింది నలుపు.
మీట మీద నా వేలు ఆగిపోయింది.

"ఇదీ పోతే ఏం చేస్తావురా?"
నవ్వింది.
కొంగు వెనక్కి తోసుకుని
లెన్సు ముందుకి జరిగింది.

"మొహాన ఇంకా రెండూ ఉన్నాయి.
ఇటు తిప్పు."