కాటా నిలబడేదాకా

జూన్ నెల. తవణంపల్లె రోడ్డులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
వేబ్రిడ్జి గదిలో ఒక పాత ప్రోగ్రాం.
ఎవడు రాశాడో ఎవరికీ గుర్తులేదు,
దాని సోర్సు ఉన్న డిస్కు
ఏ పాతసామాన్లవాడి తక్కెట్లోకో పోయింది.

దానికొక పట్టింపు:
ఎదురుగా మనిషి ఉంటేనే మాట్లాడుతుంది.
జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి పైపులోంచి పోస్తే
ఇది టెర్మినల్ కాదని ముఖం తిప్పుకుంటుంది,
ఆకు ముందు కూర్చోనిదే
వడ్డించని ముసలమ్మలా.

ఇరవై రెండు సీజన్లు దాని ఎదుట కూర్చున్నది చెంగల్రాయుడు.
బండి నంబరు? కొట్టేవాడు.
కాయ రకం? తోతాపురి. కొట్టేవాడు.
బరువు ఖాయమా?
ఇక్కడ మాత్రం వేలు గాల్లో ఆపి
కిటికీలోంచి చూసేవాడు.

ఈ ఏడు కంట్లో శుక్లం తీయించుకోను
రాయవేలూరు పోయాడు.
"ఆ పదిరోజులూ నువ్వు కూర్చోబ్బా" అన్నాడు మేనేజరు.
నేను కూర్చోలేదు.
పైథాన్‌లో ఒక మనిషిని చేశాను.

రెండు కొసలున్న ఉత్తుత్తి టెర్మినల్.
ఒక కొస ప్రోగ్రాంకి ఇచ్చాను.
ఎనభై నిలువు వరసలు, ఇరవైనాలుగు అడ్డ వరసలు,
దానికదే తెర, అదే కీబోర్డు, అదే చెంగల్రాయుడు.
రెండో కొస నా స్క్రిప్టు చేతిలో.
అడిగేదాకా కాచుకోవడం, అడగ్గానే చెప్పడం,
మళ్ళీ కాచుకోవడం. కోడంతా అంతే.

మొదటి రాత్రి నా మాట నాకే తిరిగొచ్చింది.
తెర అన్నాక కొట్టిన అక్షరం చూపించాలి కదా.
నేను పంపిన 'అవును'ని
అది ఒప్పుకున్న 'అవును' అనుకున్నాను.
మూడు లారీలు తూకం లేకుండానే దాటిపోయాయి.
ఎకో ఆపేశాను.

తర్వాత నిమిషానికో బండి.
మేనేజరు నన్నారి షర్బత్ తెప్పించాడు.

ఐదోరోజు, పెనుమూరు మునెమ్మ
చీటీ పట్టుకుని గడప దగ్గరే నిలబడింది.
"ఏం నాయనా, బండి ఇంకా ఊగతానే ఉండాది గదా,
అప్పుడే రాసేస్తే ఎట్ట?"
మళ్ళీ ఎక్కించి చూస్తే
అరవై కిలోల తేడా.

రాయవేలూరుకి ఫోన్ చేశాను.
"ఖాయమా అంటే ఎందుకాగేవాడివి మామా?"
"డ్రైవరు దిగల్ల. కాయ సర్దుకోవల్ల. బండి నిలబడల్ల.
అది అడిగిందని చెప్పేస్తామా?"
"ఎంతసేపు?"
"ఎంతసేపేంది, నిలబడేదాకా."

నిలబడేదాకా అనే అంకె పైథాన్‌లో లేదు.
ఆరు సెకన్లు అని రాశాను.

ఇప్పుడది అడుగుతుంది. కర్సరు మిణుకుతుంది.
నేను చేసిన మనిషి, కిటికీ లేనివాడు,
ఆరు లెక్కపెడతాడు.
నేను కిటికీ దగ్గర నిలబడి
టార్పాలిన్ అంచు ఊగడం చూస్తుంటాను,
కంట్రోల్-సి మీద వేలు ఆపి.