ఆధారం చూపాలి

కటారి సువార్తమ్మ మీద ఎవరో కుర్రాడు
ఆరు వాక్యాలు రాసి పెట్టాడు.
మా అంతర్జాల విజ్ఞానసర్వస్వంలో
అంత చిన్న వ్యాసాన్ని మొలక అంటాం.
ఏడు రోజుల్లో వేరు చూపించకపోతే
పీకేస్తాం.
పీకే చేతుల్లో ఒకటి నాది.

కనిగిరి బస్టాండు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
గిరాకీ లేనప్పుడల్లా, కరెంటు పోతే ఫోనులో,
ఎవరు శాస్త్రవేత్తో ఎవరు కాదో తేలుస్తుంటాను.
నవ్వకండి. ఎవరో ఒకరు తేల్చాలి కదా.

నిబంధన చిన్నదే:
ఆమె గురించి, ఆమెకేమీ కానివాళ్ళు
ఎక్కడైనా అచ్చులో, కాస్త విస్తారంగా రాసి ఉండాలి.
చుట్టం రాసింది చెల్లదు.
జీతమిచ్చినవాడు రాసిందీ చెల్లదు.
నేనే పట్టుబట్టి బిగించిన నిబంధన అది,
పోయిన వేసవిలో ఒక ప్లాట్ల వ్యాపారి
కొనుక్కున్న డాక్టరేటుతో శాస్త్రవేత్తనని వచ్చినప్పుడు.
అతనికి పద్నాలుగు పేపరు కటింగులున్నాయి.
అతని పేజీ ఇంకా ఉంది.

సువార్తమ్మకి ఏమున్నాయని వెతికాను.
భూగర్భజలాల ఆఫీసులో కెమిస్టు, ముప్ఫై ఒక్క ఏళ్ళు.
ఒక పరిశోధన పత్రంలో మూడో పేరు, అదీ పొడి అక్షరాల్లో.
ఇంకోదాంట్లో చివర, కృతజ్ఞతల్లో,
జీపు డ్రైవరు పేరు తర్వాత.
ఒంగోలు చర్చి వాళ్ళ సావనీరులో బొటనవేలంత ఫొటో.
అది స్వతంత్ర మూలం కాదు, ఆమె అక్కడ కోరస్‌లో పాడేది.
పోయినప్పుడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు,
వయసు తప్పు.

మిగిలిన మూలాలన్నీ బావులు.

పామూరు రోడ్డు పట్టుకుని పోతే
గట్టు మీద ఎర్రరంగుతో అంకె: 4.6
దాని కింద తేదీ. తేదీ కింద క.సు.
ఇంకో మైలు పోతే 6.1
ఎక్కడో ఒకచోట నీలం రంగు, 1.2,
తాగొచ్చని.
సీసాలో గులాబిరంగు మందు పోసి బావినీళ్ళు కలిపేదట.
పసుపుకి తిరిగితే
ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి బ్రష్షు తీసేదట.
ఈ "అట"లకి మూలం లేదు.

నీలం బావి దగ్గర బిందె ముంచుతున్న ముసలామె
నా ఫోను చూసి ఆగింది.
"ఏంది నాయనా, బావికి ఫొటోనా?
నీళ్ళ టీచరమ్మ గీసింది అది.
ఎర్రది మాది, మా ఇంటి ముందరిదే.
రంగు చెరపమని మా ఆయన కర్రెత్తుకున్నాడు,
ఆ బావి చూస్తే పిల్లకి సంబంధాలు రావని.
ఆమె పలకలా. గీసి జీపెక్కి పోయింది.
మళ్ళీ యేడు వచ్చి, వెలిసిందని ఇంకోసారి గీసింది!"
నవ్వింది.
పళ్ళ నిండా గార.

"ఇదంతా యాడన్నా రాసుంటే చెప్పమ్మా" అన్నాను.
"రాసుందిగా" అంది, గట్టుకేసి గడ్డం ఎగరేసి.

గట్టు చెల్లదు. అచ్చు కాదు. రాసింది ఆమే.

రాత్రి హైదరాబాదు నుంచి తోటి సంపాదకుడు
"తొలగించాలి" అన్నాడు.
"జాలి మూలం కాదు" అని కింద చేర్చాడు.
మంచివాడు. ఆ మాట నేను నేర్పిందే.

నా వంతు వచ్చింది.
కొట్టు అద్దంలో పళ్ళు చూసుకున్నాను.
ముందు నాలుగూ పసుపు, అడ్డంగా గోధుమచార.
నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ
ఎర్రంకె చూసి బావి మార్చింది,
మైలు దూరం, రోజుకి మూడు బిందెలు.
తర్వాత పుట్టిన చెల్లెలి పళ్ళు తెల్లవి.
మోకాళ్ళు తిన్నగా ఉన్నాయి. జిల్లా జట్టులో కబడ్డీ ఆడింది.

మరి నేను
ఆమెకేమీ కానివాణ్ణేనా?

ఇట్లా రాశాను:
"ఈ నిర్ణయంలో నాకు ఓటు లేదు.
ఆమె కొలిచిన నీళ్ళు తాగి పెరిగాను."
పంపేముందు రెండో వాక్యం చెరిపేశాను.

ఇంకా రెండు రోజులుంది.
రేపు కొట్టు మూసి ఒంగోలు బస్సెక్కుతాను.
పాత ఆఫీసు సామాను గదిలో
ఆమె చేతిరాత పుస్తకాలు,
చెదలు పట్టనివి, కొన్ని ఉన్నాయట.

అట.