పది రూపాయలు అందాయి

కంచరపాలెం మెట్టు దగ్గర
పైడిరత్నం టీ బడ్డీలో ఒక ఎర్ర డబ్బా
పొద్దున్నే గొంతు విప్పుతుంది:
"పది రూపాయలు అందాయి."
మూడొందల సార్లు పాడినా శ్రుతి తప్పదు,
దమ్ము తీసుకోదు.
ఈ కాలపు సంగీతం ఏదంటే
దీన్నే చూపిస్తాను. నవ్వితే నవ్వండి.

చిల్లర ఉన్న రోజుల్లో డబ్బుకి బరువుండేది,
జేబు తేలికైన సంగతి తొడకి తెలిసేది.
నాలుక్కి ఎముక లేదంటారు గానీ
ఈ వేలికి మాత్రం ఉందా?

చీటీల వసూలు మనిషిని నేను.
మర్రిపాలెం నుంచి జ్ఞానాపురం దాకా
ఎవరు ఏ తారీఖున ముఖం చాటేస్తారో నోటికొచ్చు.
ఒక మాట చెప్తాను, కొట్టినా సరే:
బీదవాళ్ళకి పొదుపు మీద ఉపన్యాసమిచ్చేవాణ్ణి
గుమ్మం తొక్కనివ్వకూడదు.
చేపల రేవులో తట్ట మోసే దానమ్మ
పదకొండేళ్ళలో ఒక్క వాయిదా తప్పలేదు.
ఎంవీపీ కాలనీలో మూడంతస్తుల ఆసామి
కుక్కని విప్పి, ఇంట్లో లేనని
తనే లోపల్నించి అరుస్తాడు.

మొన్న సిరిపురంలో సదస్సు.
టికెట్టు పద్దెనిమిది వందలు.
మేనల్లుడు హేమసుందరం రెండు కొని
నన్నూ లాక్కెళ్ళాడు.
ఐదింటికి లేస్తే జీవితం మారుతుందట.
రేవులో మూడింటికే లేస్తారు బాబూ,
వాళ్ళదేం మారిందో అడుగుదామనుకున్నాను.
మైకు నా వరస దాకా రాలేదు.
"నిన్నటి నిన్ను దాటు!" అన్నాడు కోటాయన.
నిన్నటి నేను అంత చెడ్డవాణ్ణేం కాదు.
క్లారినెట్ వాయించేవాణ్ణి.

బ్యాండు మేళంలో పదహారేళ్ళు.
ముత్యాలు మేస్త్రి చెవి మెలేసి చెప్పేవాడు:
"ఊదడం ఏ గుంటడైనా ఊదుతాడ్రా.
ఆపడం నేర్సుకో."
పాటకీ పర్సుకీ కలిపి
నేను నేర్చుకున్నది ఆ ఒక్క ముక్కే.
అందుకే ఇప్పటి పాటలంటే చిరాకు.
ఎక్కడా ఖాళీ ఉంచరు,
వాయిదాల మీద తెచ్చిన సామానుతో
నడవడానికి దారిలేని ఇల్లులా.

అయితే ఒకటి దాచాను.
క్లారినెట్ అమ్మింది ఆకలికి కాదు,
రోగానికీ కాదు.
నలభై మూడంగుళాల టీవీకి
ముందు కట్టాల్సిన సొమ్ముకి.
ఆపడం నేర్చినవాణ్ణే.
ఆ రోజు ఆపలేకపోయాను.

హేమసుందరం గాజువాక గదిలో
లాప్‌టాప్ మీద పాటలు కడతాడు.
ఒక్క వాయిద్యం ముట్టుకోడు.
ఆదివారం నా చెవుల్లో రెండు బుడిపెలు దోపి
"విను మావయ్యా" అన్నాడు.
మొదట దబదబే. నాకు తెలుసు, అనుకున్నాను.
తర్వాత ఓడ కూత,
హార్బరు నోట్లోకి వస్తున్నప్పటి నిజం కూత.
అది యారాడ కొండకి తగిలి
తిరిగొచ్చేలోగా
ఏమీ లేదు.
నాలుగు లెక్కల పాటు, ఏమీ.
రీడు పట్టడానికన్నట్టు
నా పెదవులు వాటంతటవే తడి చేసుకున్నాయి.

"ఎలా ఉంది?"
"దీనికి ఎంతిస్తార్రా?" అన్నాను.

వాడు బుడిపెలు తీసి తుడిచి
డబ్బీలో పెట్టుకున్నాడు. టప్పున మూత.
ఎదగడం గురించి నాకున్న అభిప్రాయాలన్నీ
ఆ చప్పుడులో ఇరుక్కున్నాయి.
ఇంకా తీసుకోలేదు.

ఇవాళ టీకి పది రూపాయల బిళ్ళ ఇచ్చాను.
పైడిరత్నం అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఫోన్ పోయిందేటి బాబూ?"
లేదన్నాను.
డబ్బా ఏమీ పాడలేదు.
గ్లాసు పట్టుకుని ఒకటి, రెండు, మూడు
లెక్కపెడుతుండగా
వెనకాల ఎవరో స్కాన్ చేశారు.